ఇరవై ఆరు దగ్గర ఆగిన ఫైలు

సుబ్బలక్ష్మి ఏం పని చేస్తుందో నల్లగుట్లపల్లిలో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఎవరైనా అడిగితే వాళ్లమ్మ అక్కయమ్మ, "చిక్కబళ్లాపురంలో నీళ్ల కచేరి ఉండాది గదా, ఆడ మిషనుకు లెక్కలు నేర్పిస్తాండాది మా పాప" అని చెప్పేది. ఆ మాటలో పెద్ద తప్పేమీ లేదు.

నల్లగుట్లపల్లి బాగేపల్లి తాలూకాలో, పాతపాళ్య దాటాక గుట్టల నడుమ ఉన్న చిన్న పల్లె. వేరుశనగ, రాగి, నీళ్లున్నవాళ్లకు కాస్త మల్బరీ. ఆ ఊళ్లో నడివయసు దాటిన ఆడవాళ్లు చాలామంది మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచేవాళ్లు. పిల్లల పళ్ల మీద పసుప్పచ్చ చారలుండేవి. మన మన్నే అట్లాంటిదని జనం సరిపెట్టుకున్నారు. ఒకసారి వచ్చిన డాక్టరు, మన్ను కాదు, పాత బోరింగు నీళ్లలోని ఫ్లోరైడు అని, దానికంటే బావి నీళ్లు మేలని చెప్పి పోయాడు. అప్పటినుంచి ఆడవాళ్లు తాగేనీళ్లకు ఊరి బయట గంగప్ప తోటలోని దిగుడుబావికి పోతున్నారు. అక్కయమ్మకు కాళ్లు సహకరించవు కాబట్టి ఆ ఇంట్లో బిందెలు మోసేది కోడలు తిమ్మక్క.

ఎనభై ఆరు కరువులో ఊరి మధ్య కొత్త బోరింగు వేశారు. చెయ్యి ఆనిస్తే చాలు, నీళ్లు ధారగా వచ్చేవి. కానీ పరీక్ష అయ్యేదాకా ఆ నీళ్లు తాగొద్దన్నారు. గిన్నెలు తోముకోవడానికి, గొడ్లకు మాత్రమే.

ఆ పరీక్షలు చేయిస్తున్నది ఒక ధర్మసంస్థ. పల్లె పల్లెకూ తిరిగి సీసాల్లో నీళ్లు పట్టి బెంగళూరు పంపేవాళ్లు. అక్కడి ప్రయోగశాలలో ఒక్కో బోరింగుకు ఫ్లోరైడు ఎంతో తేల్చి, అంకెల్ని ఒక పెద్ద యంత్రంలోకి ఎక్కించేవాళ్లు. ఆ యంత్రం నడిచేది యూనిక్స్ మీద. చెడ్డ బోరింగుల పేర్లు ఏరి ఇచ్చే ప్రోగ్రామును బాలచంద్ర అనే ఆయన సి భాషలో రాశాడు. అయితే ఆ యంత్రం పదిమందిదీ. వంతు దొరకడానికి వారాలు పట్టేది. అందుకని సంస్థ చిక్కబళ్లాపురంలోని తన కచేరికి, అంటే ఆఫీసుకు, సొంతంగా ఒక పీసీ కొన్నది. అది నడిచేది డాస్ మీద. బాలచంద్ర ప్రోగ్రామును ఈ డాస్ మీద కూడా నడిచేలా చెయ్యడమే సుబ్బలక్ష్మి ఉద్యోగం. చింతామణిలో బియ్యెస్సీ చదివి, బెంగళూరులో ఒక ఏడాది కోర్సు చేసి వచ్చిన పిల్లకు అది మొదటి ఉద్యోగం.

సి లో రాస్తే ఎక్కడైనా నడుస్తుందని అందరూ అంటారు. తీరా చేతిలోకి తీసుకుంటే అడుగడుగునా తేడాలే. ఫైలు దారి రాయడానికి యూనిక్స్ గీత ఇటు వాలితే డాస్ గీత అటు వాలుతుంది. వాక్యం చివర యూనిక్స్ ఒక గుర్తుతో సరిపెట్టుకుంటే డాస్‌కు రెండు కావాలి. అక్కడ పట్టే అంకె ఇక్కడి గదిలో పట్టక పొంగిపోతుంది. సుబ్బలక్ష్మి ఈ తేడాలన్నిటినీ ప్రోగ్రాములోంచి ఏరి, చిన్న చిన్న సహాయ ఫంక్షన్లలోకి తోసింది. ఫైలు తెరవడానికి ఒకటి, దారి కట్టడానికి ఒకటి, తేదీ అడగడానికి ఒకటి. అసలు ప్రోగ్రాముకు తాను ఏ యంత్రం మీద కూర్చున్నదీ తెలియనక్కరలేదు. చింతామణి అంగట్లో షావుకారు తెలుగువాడికి తెలుగులో, కన్నడం వాడికి కన్నడంలో ధర చెప్తాడు, లోపలి సరుకు మాత్రం ఒకటే. అలాగే ఉండాలని ఆమె అనుకున్నది. రాసినంత కాలం ఆ పని ఆమెకు పండగలా ఉండేది. తనే అల్లిన కొన్ని అంకెలతో ఒక చిన్న ఫైలు చేసింది. దాన్ని అక్కడా ఇక్కడా నడిపి చూశారు. రెండు చోట్లా ఒకే జవాబు వచ్చింది. బాలచంద్ర మెచ్చుకున్నాడు.

చలికాలంలో బాగేపల్లి తాలూకా ఫైలు ఫ్లాపీ మీద వచ్చింది. సుబ్బలక్ష్మి నడిపింది. ప్రింటరు కరకరలాడుతూ చెడ్డ బోరింగుల పేర్లు కక్కింది. ఆమె కళ్లు వాటిలో ఒక్క పేరు కోసమే వెతికాయి. నల్లగుట్లపల్లి లేదు. మళ్లీ పైనుంచి కిందికి చూసింది. లేదు. కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి పోయి, రోడ్డు మీది జనాన్ని చూస్తూ తనలో తను నవ్వుకున్నది.

డ్రైవరు ఆదెప్ప జీపులో ఎర్ర రంగు డబ్బా వేసుకుని, పేర్లొచ్చిన పల్లెలకు పోయి బోరింగులకు రంగు పూసి వచ్చాడు. ఎరుపు పూస్తే తాగకూడదని, పూయకపోతే తాగొచ్చని.

ఆ ఆదివారం సుబ్బలక్ష్మి ఊరికి పోయింది. బస్సు దిగి ఇంటికి కూడా పోలేదు. నేరుగా బోరింగు దగ్గరికి నడిచి, దోసిలి పట్టి అందరి ముందూ తాగింది.

"ఇంక తాగండమ్మా. మన బోరింగు మంచిదే. నేనే చూసినా," అన్నది.

తిమ్మక్క ఆమె రెండు చేతులూ పట్టుకున్నది. అప్పుడు ఆమెకు మూడో నెల. "నా నడుము కాపాడితివి సుబ్బలక్ష్మీ," అన్నది. అక్కయమ్మ ఆ సాయంత్రం పప్పు, బెల్లం పెట్టి ఓళిగలు చేసింది. సుబ్బలక్ష్మి అన్న మునియప్ప ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం చావడి దగ్గర కూర్చుని, "మా చెల్లెలు చెప్పింది," అని నలుగురితో అన్నాడు.

మర్నాటినుంచి గంగప్ప తోట దారిలో ఆడవాళ్ల అడుగులు తగ్గిపోయాయి. గంగప్ప చెడ్డవాడేమీ కాడు. గట్లు తొక్కి నాశనం చేస్తున్నా, తాగే నీళ్లు కదా అని అన్నేళ్లూ నోరెత్తలేదు. ఇప్పుడు ఎవరూ రావడం లేదు కనుక బావిలో పూడిక తీయించి డీజిల్ ఇంజిన్ దింపాడు. బీడుగా పడి ఉన్న చేను కూడా మల్బరీ అయింది.

*

ఎండాకాలం మొదట్లో చింతామణి తాలూకా ఫైలు వచ్చింది. సుబ్బలక్ష్మి నడిపింది. పైన తాలూకా పేరు, తేదీ పడ్డాయి. కింద ఏమీ లేదు. ఒక్క పేరు కూడా లేదు.

పథకం అధికారి రంగనాథ ఆ కాగితం చేతిలోకి తీసుకుని పొంగిపోయాడు. ఆయనది చింతామణే. బజారు వీధిలో ఆయన తండ్రి అంగడి ఇంకా నడుస్తున్నది.

"చూస్తివా అమ్మా! మా ఊరి నీళ్లు అమృతమని మా నాయన అంటానే ఉండె. ఈ పొద్దే పైకి పంపిచ్చేద్దాం."

"ఒక్క దినం ఆగండి సార్," అన్నది సుబ్బలక్ష్మి.

"ఎందుకు?"

ఎందుకో ఆమెకే తెలియదు. చింతామణిలో మూడేళ్లు చదివింది. ఆ చుట్టుపక్కల పల్లెలనుంచి వచ్చే తోటి ఆడపిల్లలు నవ్వేటప్పుడు చారల పళ్లు కనబడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లు. ఆ చేతులు గుర్తొచ్చాయి. తాలూకా మొత్తంలో ఒక్కటంటే ఒక్క చెడ్డ బోరింగు లేకపోవడం ఎలా కుదురుతుంది?

కచేరి కింది అంగడిలో ఫోను ఉంది. బెంగళూరు లైను దొరికేసరికి మధ్యాహ్నమయింది.

"బాలచంద్ర సార్, చింతామణి ఫైలు మీ దగ్గర కూడా ఉంటాది గదా. దాన్ని మీ యంత్రం మీద ఒక్కసారి నడిపిస్తారా?"

"ఇంక మా యంత్రంతో పనేముంది? మీ ఫంక్షన్లు బాగా పనిచేస్తాండాయి గదా!"

"ఒక్కసారి నడిపించండి సార్."

ఆమె గొంతు విని ఆయన సరేనన్నాడు. ఎవరినో బతిమాలి వంతు మార్పించుకున్నాడు. సాయంత్రం ఆయనే ఫోను చేశాడు. "రెండు కాగితాలు నిండినాయి. మీకెన్ని వచ్చినాయి?"

అంగడిలో ఎవరో మిరపకాయల మూట దింపుతున్నారు. ఘాటుకు అందరూ దగ్గుతున్నారు. ఆ దగ్గుల మధ్య సుబ్బలక్ష్మి, "ఇంకొకటి కూడా నడిపించండి సార్," అన్నది. "బాగేపల్లిది."

పైకి వచ్చి యంత్రం ముందు కూర్చున్నది. చింతామణి ఫైలులో మొట్టమొదటి బోరింగు ఫ్లోరైడు ఎంతో చూసింది. రెండు పాయింటు ఆరు. చోటు కలిసొస్తుందని బాలచంద్ర ఆ విలువను పదితో హెచ్చించి, ఒకే బైటులో దాచేవాడు. అంటే ఇరవై ఆరు. బాగేపల్లి ఫైలు తీసింది. తన కాగితంలోని చివరి పేరు దాటాక ఏముందో చూసింది. మద్దిలేటిపల్లి. అక్కడా అదే అంకె, ఇరవై ఆరు.

అప్పుడు అర్థమయింది. ఫైలు ఇక్కడితో ముగిసింది అని చెప్పడానికి డాస్ పెట్టుకున్న గుర్తు ఇరవై ఆరు. మాటలు రాసుకునే మామూలు ఫైలుగా తెరిస్తే, ఆ అంకె కనబడగానే డాస్ చదవడం ఆపేస్తుంది. వెనక ఇంకెంత ఉన్నా తిరిగి చూడదు. యూనిక్స్‌కు ఆ పట్టింపు లేదు. అంకెల ఫైలును డాస్‌లో తెరిచేటప్పుడు, ఇది మాటలు కాదు, ఉన్నదున్నట్టు చదువు అని చెప్పడానికి ఒక 'బి' అక్షరం చేర్చాలి. ఫైలు తెరిచే సహాయ ఫంక్షనులో ఆమె ఆ అక్షరం పెట్టలేదు. ఆమె అల్లిన చిన్న ఫైలులో ఇరవై ఆరు ఎక్కడా పడలేదు.

మద్దిలేటిపల్లి చెడ్డ బోరింగు తన పేరు దాచుకోవడమే కాదు, ఇంగ్లీషు అక్షరక్రమంలో తన వెనక వచ్చే ఊళ్లన్నిటినీ దాచేసింది. నల్లగుట్లపల్లి ఆ వెనకే ఉంది. వేలు పెట్టి చూసింది. నాలుగు పాయింటు ఒకటి.

'బి' అక్షరం చేర్చింది. మళ్లీ నడిపింది. ప్రింటరు ఆగకుండా పేర్లు కొడుతూ పోయింది. ఆమె చెవులు మూసుకున్నది.

*

మర్నాడు పొద్దున రంగనాథ బాగేపల్లి పాత, కొత్త జాబితాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో పేరూ వేలితో లెక్కపెట్టాడు.

"ఎవరికైనా చెప్తివా?" అన్నాడు చివరికి.

"బాలచంద్ర సార్‌కు తెలుసు."

"సరే. హెచ్చువరి పట్టీ, అదే అదనపు జాబితా, అని ఇంకొకటి పంపిస్తాము. మొదటిది తప్పు అని రాయొద్దు. తప్పు అని రాస్తే, రేపు మనమేం చెప్పినా ఎవరు నమ్ముతారు? నీ ఉద్యోగానికి కూడా మంచిది కాదు."

"కాగితం మీరెట్లన్నా రాసుకోండి సార్. మనము రంగు పూయకపోతిమని ఆ ఊళ్లలో తాగతాండారు. ఆదెప్పను, జీపును ఇవ్వండి. నేనే పోయి చెప్పొస్తా."

రంగనాథ ఆమె వైపు చూశాడు. పేర్లు లేని చింతామణి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. "పో తల్లీ," అన్నాడు. కోపంగా అనలేదు.

ఆ వారమంతా ఆదెప్ప జీపు నడిపితే సుబ్బలక్ష్మి రంగు పూసింది. గూళూరు దాటి ఒక్కో పల్లెలో ఆగడం, బోరింగు దగ్గర నలుగురు చేరేదాకా ఉండటం, యంత్రంలో తప్పు జరిగింది, ఈ నీళ్లు మంచివి కావు అని చెప్పడం. యంత్రంలో కాదు, నాలో అని ఒకటి రెండు చోట్ల చెప్పబోయింది. జనానికి ఆ తేడా పట్టలేదు. గవర్నమెంటోళ్లు మంచివంటారు, మళ్లీ చెడ్డవంటారు, మామూలే అన్నట్టు తలలూపారు. కొన్నిచోట్ల తిట్టారు. అయినా చాలా ఊళ్లలో విన్నారు. ముక్కూ మొహం తెలియని మనిషి, జీపులో వచ్చింది, చేతికి ఎర్ర రంగు అంటుకుని ఉంది. నమ్మడానికి అంతే చాలినట్టుంది.

నల్లగుట్లపల్లిని ఆఖరున పెట్టుకున్నది. ఆదెప్ప అది గమనించాడు. ఊళ్లోకి మలుపు తిరిగేచోట జీపు నెమ్మది చేసి, "నన్ను చెప్పమంటారా అమ్మా?" అన్నాడు.

"వద్దప్పా. ఆ పొద్దు నేనే తాగి చూపిస్తిని."

బోరింగు దగ్గర ఆమె బ్రష్షు తీసేసరికి ఊరంతా పోగయింది. ఏం జరిగిందో తెలిసిన మాటల్లో చెప్పింది. ముందుగా నోరు విప్పింది పక్కింటి రామలక్ష్మమ్మ.

"ఏందమ్మా ఇది? మొన్న నువ్వే తాగండంటివి. ఈ పొద్దు నువ్వే వద్దంటాండావు. రేపు మళ్లీ వచ్చి తాగండంటే?"

"అనను రామలక్ష్మమ్మా. నాలుగు దాటి ఉండాది దీంట్లో. ఒకటిన్నర దాటితేనే మంచిది కాదు."

"నీళ్లు తియ్యగా ఉండాయి గదా!"

"దానికి రుచి ఉండదు."

"అయితే నీకెట్ల తెలిసె?"

సుబ్బలక్ష్మి బ్రష్షును రంగు డబ్బాలో ముంచింది. నేనే చూసినా అని ఆ రోజు చెప్పింది. ఈ రోజు చెప్పాల్సిందీ అదే. మునియప్ప జనంలోంచి వెనక్కి తిరిగి ఇంటికి పోయాడు. అన్న వీపు చూస్తూనే ఆమె హ్యాండిలుకు రంగు పూసింది.

తరువాత గంగప్ప తోటకు పోయింది. ఇంజిన్ శబ్దం దూరంనుంచే వినబడుతున్నది. బావిలోకి తొంగి చూస్తే నీళ్లు అడుగుకు పోయి ఉన్నాయి. మెట్లు చివరిదాకా తేలాయి. గంగప్ప ఇంజిన్ ఆపి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"నీ మాట నమ్మి ఇంజిన్ దింపినా పాపా," అన్నాడు. "ఇప్పుడు నీ మాట నమ్మి ఇంజిన్ ఎత్తేయల్లనా?"

"తప్పు నాది మామా. నువ్వేం చేయాలని నేను చెప్పలేను. ఆడోళ్లకు మళ్లీ నీళ్లు కావల్ల. అంతే."

"ఇంటినిండా పురుగులుండాయి. నాలుగో జ్వరం దాటి మేత మీద ఉండాయి. ఈ వారం చెట్టుకు తడి లేకపోతే ఆకుండదు, ఆకు లేకపోతే పురుగు గూడు కట్టదు. చూస్తివి గదా, బావిలో నీళ్లెంత ఉండాయో."

ఆమెకు పట్టుపురుగుల సంగతి తెలుసు. నాలుగో జ్వరం, అంటే నాలుగోసారి పొర విడవడం, దాటాక వచ్చే ఆఖరి మేత దశలో ఒక్క పూట ఆకు తప్పినా పంట పోతుంది. మెట్ల మీద కూర్చున్నది. గంగప్ప కూడా కొంచెం దూరంలో గట్టు మీద కూర్చున్నాడు. నీళ్లలోంచి తేలిన మెట్లను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

"పొద్దున్నే రమ్మను," అన్నాడు చివరికి. "ఇంజిన్ ఎక్కించేలోగా ముంచుకోమను. ఊరంతకూ చాలవు. తాగేదానికి మాత్రమే. పురుగు గూడెక్కినాక చూస్తాము."

ఇంటికొచ్చేసరికి తిమ్మక్క వాకిట్లో బిందె తోముతున్నది. ఇప్పుడు ఆమె కడుపు బాగా ఎత్తుగా కనబడుతున్నది. సుబ్బలక్ష్మి చెప్పింది వింటూ బిందె బోర్లించి, లేచి, దాన్నే మళ్లీ చంకన పెట్టుకుని తోట దారి పట్టబోయింది.

"ఇట్లివ్వు వదినా. నేను తెస్తా."

తిమ్మక్క ఇవ్వలేదు. "ఈ పొద్దు నువ్వు మోస్తావు," అన్నది. "రేపు?"

అక్కయమ్మ గడప మీద కూర్చుని ఉన్నది. మోకాళ్లు రుద్దుకుంటూ ఇద్దరినీ చూస్తున్నది. సుబ్బలక్ష్మి బలవంతంగా బిందె లాక్కున్నది. ఆ సాయంత్రం రెండుసార్లు తోటకు పోయి, బావి అడుగున మిగిలిన నీళ్లు ముంచి తెచ్చింది. అలవాటు తప్పిన నడుము విరిగినట్టయింది. మునియప్ప అన్నం తిని లేస్తూ, "నేను తెస్తాలే రేపట్నించి," అన్నాడు. ఆ ఊళ్లో మగవాడు బిందె మోయడం ఎవరూ చూడలేదు. మోస్తాడో లేదో ఆమెకు తెలియదు. అడిగే ధైర్యమూ లేదు.

*

ఉద్యోగం పోలేదు. తప్పెవరిదో బాలచంద్ర చెప్పకుండా చెప్పిన మాటలు, రంగనాథ రాయకుండా రాసిన కాగితాలు దాన్ని నిలబెట్టాయి. తను రాసిన ఫంక్షన్లన్నిటినీ ఆమె మళ్లీ మొదటినుంచీ తీసింది. ఒక బైటులో పట్టే అంకెలన్నీ, సున్న మొదలు ఆఖరిదాకా, వరసగా ఉన్న ఒక ఫైలు చేసి, ప్రతి ఫంక్షన్‌నూ రెండు యంత్రాల మీదా దాని మీద నడిపి చూసింది. చదివిన బోరింగులెన్నో, ఫైలులో ఉన్నవెన్నో ప్రతి కాగితం కిందా పడేలా చేసింది. ఇంకో రెండు తప్పులు దొరికాయి. ఎవరికీ హాని చేయకముందే దొరికాయి. అందుకు ఆమె సంతోషించలేదు. ఆ పని చేస్తుంటే ఒకప్పుడు కలిగే పండగ సంబరం మళ్లీ రాలేదు.

వానలు మొదలయ్యాక ఊరికి పోయింది. తిమ్మక్కకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు. మునియప్ప మోసింది కొన్నాళ్లే. తరువాత సైకిలుకు రెండు వైపులా బిందెలు కట్టి తెస్తున్నాడు. గంగప్ప పురుగులు గూడెక్కాయి. ఆయన మాట తప్పలేదు. పొద్దున పూట ఇంజిన్ ఆపే ఉంచుతున్నాడు. ఊళ్లో సగం మంది బావికి పోతున్నారు.

తిరిగి పోయేరోజు బస్సు కోసం నిలబడితే, ఎదురుగా బోరింగు దగ్గర రామలక్ష్మమ్మ బిందె నింపుతున్నది. హ్యాండిలు మీద చేతులు పడేచోట ఎర్ర రంగు అరిగి ఇనుము తేలింది.

"రామలక్ష్మమ్మా, ఆ నీళ్లు..."

"తెలుసమ్మా. చెప్తివి గదా. ఏం చేసేది, నా కాళ్లు ఆడికి రావు. మోసేవాళ్లు లేరు." నిష్ఠూరం లేదు ఆ మాటలో. ఎండకు నిలబడి ఉన్న సుబ్బలక్ష్మిని చూసి, చెంబు కడిగి నింపి తెచ్చింది. "బస్సు ఎప్పుడొస్తాదో. తాగు తల్లీ, గొంతు ఎండిపోయుంటాది."

సుబ్బలక్ష్మి చెంబు అందుకున్నది. వద్దంటే ఆ మనిషి ముఖం ఎలా అవుతుందో ఆమెకు తెలుసు. ఎత్తి పట్టి తాగింది. నీళ్లు చల్లగా ఉన్నాయి. బావి నీళ్లకంటే తియ్యగా ఉన్నాయి.